చిట్టాలో దాగిన తెలుగు

చిట్టా, ఆవర్జా అంటే మన బరంపురం పట్టుకొట్ల సంగతి ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. జరిగినది జరిగినట్లు వరుసగా రాసేది చిట్టా. దానిని పేరుపేరునా విడదీసి ఎక్కించేది ఆవర్జా. కంప్యూటరు సర్వరు కూడా ఇటువంటి చిట్టా రాస్తుందని నాకు మొన్ననే తెలిసింది.

మా సంఘం వెబ్‌సైటులో తెలుగు పుటలను ఎవరూ చూడడం లేదనీ, తీసివేద్దామనీ కార్యవర్గంలో ప్రస్తావన వచ్చింది. "లెక్క ఏదీ?" అన్నాను. సర్వరు చిట్టా ఇచ్చారు. అది తెచ్చి మా మనవరాలి ముందు పెట్టాను.

ఒక్కొక్క వరుసలో ఎక్కడినుంచి వచ్చారు, ఎప్పుడు, ఏ పుట అడిగారు అన్నవి ఉంటాయి. పుట దొరికితే 200, లేకపోతే 404 అని అంకె పడుతుంది.

"ఖాళీ ఉన్నచోటల్లా విడగొడితే సరిపోదా, అమ్మడూ?" అన్నాను.

"సరిపోదు తాతగారూ. బ్రౌజరు పేరులోనే బోలెడు ఖాళీలుంటాయి. కొటేషను గుర్తుల మధ్య ఉన్నదాన్ని ఒకే ముక్కగా తీసుకోవాలి" అన్నది.

ఆ పనికి జావాస్క్రిప్టులో చిన్న లైబ్రరీ ఉన్నదట. వరుస అందిస్తే ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ పేరు పెట్టి ఇస్తుంది. అదే ఆవర్జా!

అసలు గుట్టు అప్పుడు బయటపడింది. తెలుగు పేరున్న పుటను అడిగితే చిట్టాలో తెలుగు పడదు. ఒక్కొక్క అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, సున్నకూ మూడేసి బైట్లు. ఒక్కొక్క బైటు శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులు. "బరంపురం" అన్న చిన్న మాట 63 గుర్తుల తోరణమవుతుంది. లెక్క కట్టినవారు అది చెత్త అనుకొని ఆ వరుసలన్నీ కొట్టివేశారు!

దానిని తిరిగి తెలుగు చేసే సాధనం జావాస్క్రిప్టులోనే ఉన్నది. కాని సగంలో తెగిన వరుస తగిలితే మొత్తం పని ఆగిపోతుంది. అటువంటిది పక్కన పెట్టి సాగమని ముందే చెప్పాలి. గూగుల్‌బాట్ వంటి యంత్రాలు వచ్చిపోయిన వరుసలను కూడా తీసివేయాలి. వేళ కూడా గ్రీనిచ్ వేళ. అయిదున్నర గంటలు కలపాలి. చిట్టాలో మధ్యాహ్నం మూడున్నర అంటే మనకు రాత్రి తొమ్మిది.

ఇంత చేశాక చూస్తే, భోజనాలైన వేళకు మనవాళ్లు తెలుగు పుటల కోసం వస్తూనే ఉన్నారు. అయితే చాలామందికి ఎదురైనది 404. సైటును కొత్తగా దిద్దినప్పుడు పుటల చిరునామాలు మారాయి. పాతవాటికి దారి చూపలేదు. తలుపు తట్టి వెనుదిరిగిన వారిని, రానివారి కింద లెక్క వేశామన్నమాట!

ప్రస్తావన విరమించారు. పాత చిరునామాలకు 301 అనే దారిసూచిక పెట్టించాము.

మీ ఊరి సంఘంలోనూ ఇటువంటి మాట వస్తే, తీర్మానానికి ముందు ఆవర్జా వేయించండి. వచ్చినవారి కంప్యూటరు చిరునామాలు మాత్రం ఎక్కడా ప్రకటించకండి. అవి వారి ఇంటి గుట్టు.