కల్లు కాంపౌండ్‌కు తాళం వేసే ముందు దవాఖానలో మంచం వేయండి

ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం మండలాల ప్రజలారా!

2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి జనం చనిపోయారు. నిమ్స్, గాంధీ ఆసుపత్రుల్లో చేరినవాళ్లలో కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా వెళ్లినవాళ్లున్నారు. ఆ కల్లులో అల్ప్రాజోలం అనే మత్తుమందు ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. దాడులు జరిగాయి, తాళాలు పడ్డాయి, అరెస్టులయ్యాయి. సెప్టెంబరు వచ్చేసరికి ఓల్డ్ బోయిన్‌పల్లిలో పిల్లలు చదువుకునే ఒక ప్రైవేటు బడి భవనంలోనే అల్ప్రాజోలం తయారవుతున్న గుట్టు మాదకద్రవ్యాల నిరోధక విభాగమైన ఈగల్ పోలీసులు బయటపెట్టారు. ఆ సరుకు పోయేది కల్లు దుకాణాలకే.

దాడులు చేయవద్దని ఎవరూ అనడం లేదు. ఇంకా చేయండి. కాని కాంపౌండ్‌కు తాళం పడిన మర్నాడు ఆ కల్లుకు అలవాటుపడ్డ మనిషి గతేమిటి? ఈ ఒక్క ప్రశ్నకు ఎక్సైజ్ శాఖ, ఆరోగ్య శాఖ కలిసి జవాబు చెప్పాలి.

ఆ గతి ఏమిటో అలవాటున్న ఇంట్లోని ఆడవాళ్లకు తెలుసు. చేతులు వణుకుతాయి. ఒళ్లంతా చెమటలు. కన్ను మూతపడదు. రెండో రోజో మూడో రోజో గోడ మీద పాములు పాకుతున్నాయంటాడు, లేని మనిషితో కొట్లాడతాడు. ఫిట్స్ వచ్చి పడిపోతాడు. 'కల్లు పిచ్చి లేచింది' అంటుంది ఊరు. తాయెత్తు కట్టించేవాళ్లూ ఉన్నారు. వేషాలేస్తున్నాడని కొట్టేవాళ్లూ ఉన్నారు.

అతని మెదడులో జరిగేది ఇది. మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. అవి రసాయనాలతో ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. గ్లుటమేట్ అనే రసాయనం కణాన్ని ఉసిగొల్పుతుంది. గాబా అనేది దాన్ని శాంతపరుస్తుంది. గాబా వచ్చి తన గ్రాహకాన్ని తాకగానే క్లోరైడ్ అయాన్లు లోపలికి చేరి కణం నెమ్మదిస్తుంది. అల్ప్రాజోలం అదే గ్రాహకం మీద మరోచోట చేరి గాబా బలాన్ని పెంచుతుంది. అందుకే భయం పోతుంది, ఒళ్లునొప్పి మరుపొస్తుంది, నిద్ర ముంచుకొస్తుంది. కల్లులో సహజంగా ఉండే ఆల్కహాల్ కూడా అటే లాగుతుంది. రెండూ ఎక్కువైతే ఊపిరి కూడా మందగిస్తుంది.

రోజూ ఇలా లాగుతుంటే మెదడు తట్టుకోవడానికి ఎదురు లాగుతుంది. గాబా గ్రాహకాలు మొద్దుబారతాయి, గ్లుటమేట్ వైపు జోరు పెరుగుతుంది. తాడు గుంజే ఆటలో అవతలివాళ్లు ఒక్కసారిగా తాడు వదిలేస్తే ఇవతలివాళ్లు ఏమవుతారో, మందు హఠాత్తుగా ఆగిన మెదడు అదే అవుతుంది. ఆ వణుకు, ఆ పాములు, ఆ ఫిట్స్ అదుపు తప్పిన నాడీకణాల పని. ఇందులో మనిషి బుద్ధికి, కులానికి, పెంపకానికి ఏ సంబంధమూ లేదు. బంజారాహిల్స్‌లో డాక్టరు చీటీ మీద నెలల తరబడి ఇవే గోళీలు మింగిన దొరసానికి హఠాత్తుగా ఆపితే ఇదే జరుగుతుంది. తేడా ఒక్కటే. ఆమెకు డాక్టరు ఉంటాడు. మన మేస్త్రీకి, మన హమాలీకి తాను రోజూ మింగుతున్నది అల్ప్రాజోలమని కూడా తెలియదు. అతను తాగింది చెట్టు కల్లు అనుకున్నాడు.

ఇదంతా ప్రభుత్వాలకు తెలియదా? తెలుసు. హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు 2004లో మూశారు, 2014లో తెరిచారు. రెండుసార్లూ మాట్లాడింది లైసెన్సుల గురించి, ఓట్ల గురించి. 2015 సెప్టెంబరులో కల్తీ మీద దాడులు ముమ్మరం చేశారు. మందు కలిపిన కల్లు ఆగిపోయేసరికి మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో జనం వణుకుతూ, కేకలు వేస్తూ దవాఖానలకు పరుగెత్తారు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వరస కట్టారు. ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత? మందు కల్లు మళ్లీ వచ్చింది, జనం నెమ్మదించారు, ఫైలు మూసుకుంది. పదేళ్లు గడిచినా మళ్లీ అదే తాళం, అదే ప్రెస్‌మీట్. 2015లో చచ్చినవాళ్ల నుంచి ఏమీ నేర్చుకోకపోవడాన్ని మేము పొరపాటు అనం. అది నేరం.

చట్టం చూడండి. మాదకద్రవ్యాల చట్టం ప్రకారం అయిదు గ్రాముల దాకా అల్ప్రాజోలం 'చిన్న మొత్తం'. అయిదు గ్రాములంటే అర మిల్లీగ్రాము గోళీలు పదివేలు! ఒక పల్లెను పడుకోబెట్టగల సరుకు చట్టం లెక్కలో చిన్నది. అదే చట్టంలోని 64ఎ సెక్షన్, స్వయంగా చికిత్సకు వచ్చిన, మత్తుకు బానిసైన మనిషిని శిక్షించవద్దంటుంది. చికిత్సే లేనిచోట ఆ సెక్షన్ ఎవరికి?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితిని జబ్బుగానే లెక్కించింది. అత్యావశ్యక జాబితాలోని మందులు సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలు ప్రతి సర్కారు దవాఖానలో అన్నివేళలా ఉచితంగా అందాలని 18వ సెక్షన్ చెబుతోంది. ఇబ్రహీంపట్నం దవాఖాన ఆ లెక్కలోకి వచ్చేదే. 2022 ఆగస్టులో అక్కడే జరిగిన కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల శిబిరం తర్వాత నలుగురు తల్లులను పోగొట్టుకున్న ప్రాంతం ఇది. నిర్లక్ష్యం ఎంత ఖరీదో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

'తాగినోడిదే తప్పు, ప్రజల సొమ్ముతో వైద్యమా' అంటారు కొందరు. ఆ కల్లు మీద ప్రభుత్వం రాబడి తిన్నప్పుడు ఈ మాట గుర్తురాలేదా? 'గోళీ అలవాటుకు గోళీయే మందా' అని ఇంకొందరు. అవును, అదే మందు. అల్ప్రాజోలం సుమారు 11 గంటల్లో ఒంట్లో సగానికి పడిపోతుంది, అందుకే దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. డయాజిపామ్ అనే అదే కోవ గోళీ నెమ్మదిగా దిగుతుంది. రోగిని దానికి మార్చి, వారాల తరబడి మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో డాక్టర్ హెదర్ ఆష్టన్ 1982 నుంచి పన్నెండేళ్లు ఇలాంటి రోగుల కోసమే క్లినిక్ నడిపి ఈ పద్ధతి రాసిపెట్టారు. ఇది పాత విద్య, చవక విద్య. ఇక గీత కార్మికుల పొట్ట కొడుతున్నామనేవాళ్లకు ఒక్క మాట: తాటిచెట్టెక్కి ప్రాణం పణంగా పెట్టే గౌడన్న కల్లుకు మేము అడ్డం కాదు. అతని పేరు మీద పొడి కలిపి అమ్మేవాడే అతని శత్రువు.

మా డిమాండు ఇది. దాడికి ముందు ఎక్సైజ్ అధికారి దవాఖానకు కబురు పెట్టాలి. ఇబ్రహీంపట్నం దవాఖానలో ఈ రోగుల కోసం విడిగా మంచాలు వేయాలి, డయాజిపామ్ నిల్వ పెట్టాలి, మోతాదు తగ్గించే పద్ధతిలో డాక్టర్లకు, నర్సులకు శిక్షణ ఇవ్వాలి. మానసిక వైద్యుడు వారానికొకసారైనా ఇక్కడ కూర్చోవాలి. ఫిట్స్ వచ్చే మనిషిని బస్సులో ఎల్బీ నగర్ దాకా, అక్కడి నుంచి మెట్రోలో ఎర్రగడ్డ దాకా తీసుకుపొమ్మనడం వైద్యం కాదు. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి అలవాటున్నవాళ్లను గుర్తించాలి. ఆ పేర్లు పోలీసు స్టేషన్‌కు చేరకూడదు.

అన్నలారా, అక్కలారా! కలెక్టరేట్ ఇబ్రహీంపట్నం మండలంలోనే, కొంగరకలాన్‌లోనే ఉంది. సోమవారం ప్రజావాణికి దరఖాస్తు పట్టుకుని రండి. అంతలోపు మీ ఇంట్లో ఎవరికైనా కల్లు ఆగి వణుకు మొదలైతే గదిలో కట్టేయకండి, కొట్టకండి, మెడికల్ షాపు గోళీలు మీ అంతట మీరు వేయకండి. దవాఖానకు తీసుకెళ్లి కల్లు అలవాటు సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఫిట్స్ వస్తే 108కి ఫోన్ చేయండి. సలహా కావాలంటే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416, ఏ వేళలోనైనా, ఉచితంగా.