ఫస్టియర్ మార్కులు ఎక్కడికీ పోవు

"ఎంసెట్‌లో ఇంటర్ మార్కులు కలపరంట గదా బేటా, మరి ఫస్టియర్‌కు ఇంత హైరానా ఎందుకు?" మా వీధి చివర ఉండే ఆటో చాచా మొన్న మగ్రిబ్ తర్వాత ఆపి అడిగారు. ఆయన కూతురు ఎంపీసీ మొదటి సంవత్సరం చదువుతోంది. చాచా విన్నది అబద్ధం కాదు. అలాగని పూర్తి నిజమూ కాదు.

తెలంగాణలో 2023 నుంచి ఎంసెట్ ర్యాంకుకు ఇంటర్ మార్కుల వెయిటేజీ తీసేశారు. గ్రూప్ సబ్జెక్టుల్లో 45 శాతం, మన బీసీ-ఈ సహా రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం వస్తే ఇంజినీరింగ్‌కు అర్హత ఉన్నట్టే. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం కోవిడ్ కాలంలో ఆపిన 25 శాతం వెయిటేజీని మళ్లీ తెచ్చారు. అక్కడ ర్యాంకులో పావు వంతు ఇంటర్‌దే. ఒకే పరీక్ష పేరు, రెండు రాష్ట్రాల్లో రెండు లెక్కలు. బంధువులు అటూ ఇటూ ఉన్న కుటుంబాల్లో గందరగోళం ఇక్కడే మొదలవుతోంది.

అసలు లెక్క మెమోలో ఉంది. ఇంటర్ మొత్తం 1000 మార్కులు. సీఈసీలో మొదటి ఏడాది 500, రెండో ఏడాది 500. తెలంగాణలో ఇన్నాళ్లుగా ఉన్న పద్ధతిలో ఎంపీసీకి మొదటి ఏడాది 470, రెండో ఏడాది ప్రాక్టికల్స్‌తో కలిపి 530. బైపీసీకి 440, 560. 750 గానీ ఆపైన గానీ వస్తే 'ఏ' గ్రేడ్. అంటే సీఈసీ అమ్మాయి ఫస్టియర్‌లో 340 తెచ్చుకుంటే, 'ఏ' గ్రేడ్ కోసం సెకండియర్‌లో 410 తేవాలి. మొదటి ఏడాది మిగిల్చిన బాకీ రెండో ఏడాది తీర్చాల్సిందే.

ఆ బాకీ నేనూ కట్టాను. సీఈసీ ఫస్టియర్‌లో కామర్స్, ఎకనామిక్స్ మీదే కూర్చుని, ఇంగ్లీషునూ ఉర్దూనూ "ఎలాగూ పాసవుతాం" అని వదిలేశాను. సెకండియర్‌లో బాగానే రాశాను, కానీ మొత్తం కలిపితే నేను కోరుకున్న కాలేజీలో బీకాం సీటు దక్కలేదు. తెలంగాణలో డిగ్రీ సీట్లు దోస్త్ ద్వారా ఇస్తారు. అక్కడ ఎంట్రన్స్ లేదు, ఇంటర్ మార్కులే మెరిట్. సెకండ్ లాంగ్వేజ్ రెండేళ్లకు 200 మార్కులు. ఉర్దూ ఇంట్లో మాట్లాడే భాషే కదా అనుకుంటే నష్టం మనకే.

కాలేజీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్‌కూ ఇంటర్ ఫలితమే ఆధారం. బోర్డులో పాసైనవాళ్లలో పై 20 శాతంలో ఉండాలి, కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షలు దాటకూడదు. ఆటో నడిపే ఇంటికి అది చిన్న సాయం కాదు.

మరి రెండు సంవత్సరాలూ పబ్లిక్ పరీక్షలు అవసరమా? 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు ఫస్టియర్ పబ్లిక్ పరీక్షలు ఎత్తేద్దామని ప్రతిపాదించింది. అభిప్రాయాలు వచ్చాక వెనక్కి తగ్గింది.

ఇదే చర్చ ఇంగ్లండ్‌లోనూ జరిగింది. మన ఇంటర్ వయసులో అక్కడి పిల్లలు చదివేది సిక్స్త్ ఫామ్. మొదటి ఏడాది రాసే ఏఎస్ పరీక్ష 2000 తర్వాత చాలాకాలం తుది ఏ-లెవెల్‌లో సగం లెక్కకు వచ్చేది. చదువుకంటే పరీక్షలే ఎక్కువయ్యాయని 2015 నుంచి ఇంగ్లండ్ దాన్ని విడదీసింది. చివరి పరీక్షలే అన్నీ. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ దీన్ని వ్యతిరేకించింది. పక్కనే ఉన్న వేల్స్, ఉత్తర ఐర్లండ్ మాత్రం ఏఎస్‌కు 40 శాతం ఉంచాయి.

తేడా 2020లో తెలిసింది. కోవిడ్‌తో పరీక్షలు లేవు. ఇంగ్లండ్‌లో కంప్యూటర్ లెక్క వేసి, టీచర్లు సూచించిన గ్రేడ్లలో దాదాపు 39 శాతం తగ్గించారు. పిల్లలు రోడ్డెక్కితే ఆగస్టు 13న ఇచ్చిన ఫలితాలను 17న వెనక్కి తీసుకున్నారు. వేల్స్ కూడా చివరికి టీచర్ల గ్రేడ్లకే వచ్చింది. అయితే ఫలితాల ముందురోజే ఒక హామీ ఇవ్వగలిగింది: ఎవరి గ్రేడూ వాళ్ల ఏఎస్ గ్రేడు కంటే తగ్గదని. పిల్లల చేతిలో మొదటి ఏడాది రికార్డు ఉంది కాబట్టే ఆ మాట సాధ్యమైంది.

మనకూ అదే జరిగింది. 2021లో సెకండియర్ పరీక్షలు రద్దయితే, తెలంగాణ ఫస్టియర్ మార్కులనే సెకండియర్‌కూ వేసింది. ఆంధ్రప్రదేశ్ పదో తరగతికి 30 శాతం, ఫస్టియర్‌కు 70 శాతం తీసుకుంది. "ఫస్టియరే కదా" అనుకున్నవాళ్లకు ఆ ఒక్క ఏడాదే రెండు సంవత్సరాల జాతకమైంది.

రెండో వైపు కూడా చూడాలి. అదే 2021 డిసెంబర్‌లో తెలంగాణ ఫస్టియర్ ఫలితాల్లో 49 శాతమే పాసయ్యారు. కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తర్వాత ప్రభుత్వం అందరినీ 35 మార్కులతో పాస్ చేసింది. ఆన్‌లైన్ క్లాసులకు ఇంట్లో ఒకే ఫోన్ ఉన్న పిల్లలను ఆ పరీక్ష ఏం కొలిచినట్టు? అందుకే నా మాట ఇది: ఫస్టియర్ మార్కులు లెక్కలో ఉండాలి, కానీ సరిదిద్దుకునే దారీ తెరిచి ఉండాలి. ఒక్క పరీక్ష మీద మొత్తం పెడితే, ఆ వారం జ్వరం వచ్చిన బిడ్డ, ఇంట్లో మయ్యత్ జరిగిన బిడ్డ ఏం కావాలి?

ఆ దారి పేరు ఇంప్రూవ్‌మెంట్. ఫస్టియర్ పాసైనవాళ్లు కూడా వేసవిలో జరిగే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయొచ్చు. ఫలితాలు వచ్చాక ఫీజు కట్టేందుకు కొద్ది రోజులే ఉంటాయి. చాలా ఇళ్లకు ఆ కబురే చేరదు, చేరేసరికి గడువు దాటిపోతుంది. ఫలితాల రోజే కాలేజీకి వెళ్లి అడగండి.

చాచాకు ఇదంతా చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఉర్దూ కూడా చదవమంటావ్" అన్నారు. "ఔను చాచా, ముందు అదే" అన్నాను.