కొలిమి ఇన్వర్టరుకు కంట్రోలర్ చిప్ ఎంపికపై తీర్మానం

మర్కూక్ మండల కేంద్రంలో కూడిన కమ్మరి, వెల్డింగ్, మోటారు రివైండింగ్ పనివారల సర్వసభ్య సమావేశం, ఉమ్మడి షెడ్డులో పెట్టదలచిన ఇండక్షన్ కొలిమి గురించి ఈ కింది తీర్మానాన్ని ఆమోదించి నమోదు చేయించింది.

సమావేశం గమనించినది: నాగలి కర్రు పని దాదాపు పోయింది, కల్టివేటర్ గొర్లు, రోటవేటర్ బ్లేడ్లు, గడ్డపారల పని మిగిలింది. 2020 మే 29 నాడు మొదలుపెట్టి పక్కనున్న పంపుహౌసులో మెగావాట్ల మోటార్లు కొండపోచమ్మ సాగరుకు నీళ్లెత్తుతున్నాయి. ఊరి కొలిమి మాత్రం ఇంకా బొగ్గు మీదనే ఉంది.

సమావేశం గమనించినది: మూడు ఫేజుల 415 వోల్టులను డీసీ చేస్తే శిఖరాన 587 వోల్టులు వస్తాయి గనుక ఇన్వర్టరు బ్రిడ్జికి 1200 వోల్టుల ఐజీబీటీలే తగినవి. 20 మిల్లీమీటర్ల పైబడిన కడ్డీలకు 10 కిలోహెర్ట్జ్ చాలు. బాగా కాగిన ఉక్కులో ఆ పౌనఃపున్యం వద్ద కరెంటు పైనుంచి సుమారు ఐదున్నర మిల్లీమీటర్ల లోతు వరకే గట్టిగా పారుతుంది, లోపలికి వేడి తానే పాకుతుంది. ఈ పౌనఃపున్యానికి కీచుమనే మోత తప్పదు. సమ్మెట మోతకు అలవాటైన చెవులకు ఇది అభ్యంతరం కాదు.

సమావేశం ప్రత్యేకంగా గమనించినది: ఇనుము 770 డిగ్రీల సెల్సియస్ దాటగానే అయస్కాంత గుణం కోల్పోతుంది. కాయిల్ ఇండక్టెన్స్ పడిపోతుంది, కెపాసిటర్లతో దాని రెజొనెన్స్ పౌనఃపున్యం పైకి లేస్తుంది. ఇండక్టెన్స్ నాలుగో వంతు తగ్గితే 10 కిలోహెర్ట్జ్ కాస్తా 11.5 అవుతుంది. చిప్ అప్పటికీ 10 దగ్గరే నడిపిస్తుంటే కరెంటు వోల్టేజీకన్నా ముందుకు పోతుంది. ఎదుటి డయోడు ఇంకా ఆగకముందే ఐజీబీటీ ఆన్ అయి, ఆ దెబ్బను తానే మోయవలసి వస్తుంది. ట్రయల్ బెంచి మీద పేలిన రెండు జతల ఐజీబీటీలూ కడ్డీ ముదురు ఎరుపు దాటే వేళకే పేలాయి.

సమావేశం చింతిస్తున్నది: ఆ నష్టానికి మొదట చిప్పునే నిందించడం జరిగింది. ఒక దుకాణంలో కొన్నవాటి మీద పాత నంబరు చెరిపి కొత్తది ముద్రించి ఉన్న మాట నిజం. అయినా పౌనఃపున్యాన్ని ఒకే చోట కట్టివేయాలన్న నిర్ణయం ఈ సమావేశానిదే.

సమావేశం తీర్మానిస్తున్నది: ఎల్ 6599 తీసుకోరాదు. రెజొనెంట్ పవర్ సప్లైల కోసమే చేసిన మంచి చిప్పే గాని, దాని డెడ్ టైమ్, అంటే ఒక ఐజీబీటీ ఆగాక రెండోది ఆన్ అయ్యేలోపు విడిచే వ్యవధి, లోపలే 0.3 మైక్రోసెకన్ల వద్ద బిగించి ఉంది. పెద్ద ఐజీబీటీ మాడ్యూలుకు 2 మైక్రోసెకన్లయినా విడవాలి. టీఎల్ 494 పనికిరానిది కాదు, బయట అమర్చవలసిన భాగాలు ఎక్కువ. మైక్రోకంట్రోలరు కావాలన్న సభ్యుల అసమ్మతిని నమోదు చేయడమైనది. ప్రోగ్రాం రాసినవారు ఊళ్లో లేనినాడు కొలిమి ఆగరాదన్నది అధిక సంఖ్యాకుల అభిప్రాయం.

సమావేశం తీర్మానిస్తున్నది: ఎస్‌జీ 3525 వాడాలి. ఇంటి ఇన్వర్టర్లు బాగుచేసే మెకానిక్‌లకు చేయి తిరిగిన చిప్ అది. కోఠి గుజరాతీ గల్లీ దాకా పోతే దొరుకుతుంది. అవుట్‌పుట్‌లో పౌనఃపున్యం సగమవుతుంది గనుక ఆసిలేటరు 20 కిలోహెర్ట్జ్‌లో నడవాలి. 5వ పిన్‌కు 10 నానోఫారడ్లు, 5, 7 పిన్‌ల మధ్య 68 ఓములు, 6వ పిన్‌కు 6.8 కిలో ఓములు పెడితే 2 మైక్రోసెకన్ల డెడ్ టైమ్‌తో బ్రిడ్జికి 10 కిలోహెర్ట్జ్ వస్తుంది. ఇదే అడుగు హద్దు. చల్లని కడ్డీతో రెజొనెన్స్ దీనికి కాస్త దిగువనే ఉండేలా కెపాసిటర్లు కట్టాలి.

సమావేశం తీర్మానిస్తున్నది: ఈ చిప్ దానంతట రెజొనెన్స్ వెంట పోలేదు గనుక సీడీ 4046 జోడించాలి. అందులోని ఆసిలేటరును వదిలేసి రెండో ఫేజ్ కంపారేటరునే వాడాలి. దాని అవుట్‌పుట్ ఫిల్టరై, ఒక ట్రాన్సిస్టరు ద్వారా 3525 ఆరో పిన్ నుంచి అదనపు కరెంటు లాగి పౌనఃపున్యాన్ని పైకి నెట్టాలి. మొదలెప్పుడూ పైనుంచే, క్రమంగా కిందికి. వోల్టేజీ గుర్తును డ్రైవరు ముందు నుంచి కాక బ్రిడ్జి అవుట్‌పుట్ నుంచే తీసి, 3 మైక్రోసెకన్లు ఆలస్యం చేసి కరెంటు గుర్తుతో పోల్చాలి. అప్పుడు కరెంటు 10 కిలోహెర్ట్జ్ వద్ద సుమారు 11 డిగ్రీలు వెనకే ఉంటుంది. ఆ వెనకబాటు పోయిన క్షణాన 3525 పదో పిన్ ద్వారా పల్సులు ఆగాలి.

సమావేశం తీర్మానిస్తున్నది: 3525 ఇచ్చే 400 మిల్లీయాంపియర్లతో మాడ్యూల్ గేటును నేరుగా నడపరాదు. ప్రతి ఐజీబీటీకి హెచ్‌సీపీఎల్ 316జే వంటి, షార్టును పసిగట్టే ఆప్టో డ్రైవరు ఉండాలి. కాయిల్ గొట్టంలో నీటి పారుదల తగ్గినా ఆ పదో పిన్‌కే కబురందాలి.

సమావేశం తీర్మానిస్తున్నది: కొలిమికి పరిశ్రమల కేటగిరీ కనెక్షన్ తీసుకోవాలి. 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ ఉచితంగా వస్తున్న వ్యవసాయ కరెంటు నుంచి ఒక్క తీగ లాగినా ఆ సభ్యునికి షెడ్డులో పని ఉండదు.

సమావేశం తీర్మానిస్తున్నది: సర్క్యూట్ బొమ్మను తెలుగులో రాయించి షెడ్డు గోడకు అతికించాలి. 20 మిల్లీమీటర్ల కడ్డీలు వరుసగా యాభై 770 డిగ్రీలు దాటి, ఐజీబీటీ ఒక్కటీ పోకుండా బయటపడేదాకా బొగ్గు కొలిమినీ తిత్తినీ తీయరాదు.