ప్రీమియం బరువైతే మా పోరగాళ్ల పాడె బరువు కాదా?

పట్నంల ఇరవై, ముప్పై అంతస్తుల మేడలు లేస్తున్నయి. స్లాబు కింద ఎర్రరంగు ఇనుప పైపులు, వాటికి స్ప్రింక్లర్లు. మంట వేడికి గాజు బుడ్డి పగిలి నీళ్లు చిమ్ముతయి. లోపల కూసున్న దొరల ప్రాణాలు కాపాడే సరంజామా అది. మరి దాన్ని బిగించేటోళ్ల ప్రాణం ఎవరు కాపాడాలె?

బీర్కూర్ మంజీర ఒడ్డు ఊరు. నిజాంసాగర్ నీళ్లు పారే నేల. నీళ్లున్నయి, భూమి మాత్రం మనది కాదు. కోతలు మిషన్ల పాలైనంక మాల మాదిగ వాడల పోరగాళ్లు గల్ఫుకో, పట్నం బిల్డింగులకో బస్సెక్కుతున్నరు. అక్కడ నిచ్చెన మీద నిలబడి నెత్తిమీది స్లాబుకు డ్రిల్లు కొట్టుడు, బరువు పైపులు పైకెక్కించుడు, వెల్డింగు చేసుడు. కాలు జారితే నడుము, చెయ్యి తప్పితే కన్ను. కింద లెక్క రాసేటోడి కులమేందో, పైన వేలాడేటోడి కులమేందో వేరే చెప్పాల్నా?

బీమా ప్రీమియం మోయలేకపోతున్నమని కాంట్రాక్టర్లు మొత్తుకుంటరు. కూలీలకిచ్చే మొత్తం జీతాల మీద, పనిలోని ప్రమాదాన్ని బట్టి ఆ ప్రీమియం కడతరు. ఎత్తు మీది పని కనుక రేటు ఎక్కువ. అంటే ఈ పనిలో చావు దగ్గరని బీమా కంపెనీయే లెక్కగట్టి చెప్పినట్టు! అయినా తక్కువ టెండరు వేసినోడికే పని. పైపు ధర తగ్గదు, పంపు ధర తగ్గదు. తగ్గించటానికి మిగిలింది మస్టరు ఒక్కటే. ఇరవై మంది పనిచేస్తే ఎనిమిది పేర్లు రాస్తరు. పదిహేను వేల జీతాన్ని ఎనిమిది వేలు చేస్తరు.

ఈ రాతతో ఎంత మునుగుతమో చూడండి. పనిలో చనిపోతే నెల జీతంల సగాన్ని వయసును బట్టి చట్టమిచ్చిన గుణకంతో హెచ్చవేస్తరు. 2020 జనవరి నుంచి లెక్కకు తీసుకునే జీతం పరిమితి 15,000. ఇరవై ఐదేళ్లోడికి గుణకం 216.91. అంటే 16,26,825 రూపాయలు. అదే మస్టరుల 8,000 అని ఉండి, అసలు జీతం రుజువు చేయలేకపోతే 8,67,640. ఏడున్నర లక్షలకు పైగా తల్లిదండ్రుల నోటికాడి కూడు ఒక్క కలంపోటుతో పాయె! పేరే లేనోడికి బీమా కంపెనీ పైసా ఇయ్యదు. కాంట్రాక్టరు పైసలు లేవని చేతులెత్తేస్తడు.

తర్వాత మేస్త్రీ పల్లెకొస్తడు. దినాల ఖర్చులకని కొంత చేతిల పెట్టి, స్టాంపు కాయిదం మీద వేలిముద్ర అడుగుతడు. వెయ్యకండి! హక్కును వదులుకున్నట్టు రాసిచ్చిన కాయిదం చెల్లదు. చావు పరిహారం అధికారి దగ్గర జమ కావాల్సిందే. పేరు మస్టరుల లేకున్నా యజమాని బాధ్యత పోదు. కాంట్రాక్టరు ఎగ్గొడితే పని అప్పజెప్పిన అసలు యజమానినీ పట్టుకోవచ్చు. దావా కోసం పట్నం తిరగక్కర లేదు, మనముండే జిల్లాలోనే వేయొచ్చు. గడువు రెండేళ్లు. 1923 నాటి పరిహార చట్టాన్ని 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిపేసిండ్రు. పేరు మారింది, ఈ హక్కులు పోలేదు. అందుకే హాజరు చీటీ, జీతం ఫోన్ల పడ్డ మెసేజీ, మేస్త్రీ నంబరు దాచిపెట్టుకోండి. రేపు సాక్ష్యం అవే.

2022 మార్చి 23న బోయిగూడ తుక్కు గోదాంల 11 మంది బీహారు కూలీలు కాలి చచ్చిపోయిండ్రు. మంటల్లో కాలేది కూలోళ్లే, మంటలార్పే పైపు కడుతూ పడేది కూలోళ్లే!

1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ నడిపింది బాబాసాహెబ్. కూలోని హక్కు ఎవని భిక్షా కాదని మనం ఆయన దగ్గర నేర్చుకున్నోళ్లం. అందుకే అడుగుతున్నం: టెండరుల బీమా ఖర్చు వేరుగ చూపాలె, దాని మీద బేరం ఉండొద్దు. పాలసీ నకలు, మస్టరు పని జాగల గోడకు అతికించాలె. అవి చూపనోడికి బిల్లు ఆపాలె.

ప్రీమియం కట్టలేనోడు పని పట్టొద్దు. మా పోరగాళ్ల పానాలు మీ టెండర్ల తగ్గింపు కాదు!

జై భీమ్!