నొప్పి మన నుదుటి రాత కాదు

మన వాడల్లో మోకాలు పట్టుకోకుండా లేచే నడివయసు ఆడమనిషి అరుదు. నడుం వంచి నాట్లేసి, కలుపు తీసి, బురదలో నానిన బతుకులు. నొప్పంటే, 'కష్టం చేసే ఒళ్లు, నొయ్యదా?' అంటారు పొలం ఆసాములు. మనమూ అదే అనుకుంటున్నం. ఈ మాటే మన కొంప ముంచుతున్నది.

కీళ్ల నొప్పులన్నీ ఒకటి కావు. అరిగిన మోకాలు నడిచేకొద్దీ నొస్తుంది, కూచుంటే తగ్గుతుంది. కీళ్లవాతం అట్లా కాదు. రెండు చేతుల వేళ్ల కణుపులు, మణికట్లు వాస్తాయి. పొద్దున లేచాక గంటసేపు పిడికిలి ముడుచుకోదు, పనిలో పడ్డాక సడలుతుంది. ఒంటిని కాపాడాల్సిన శక్తే కీళ్ల మీద పడే జబ్బు ఇది. ఆడవాళ్లకే ఎక్కువ. వదిలేస్తే వేళ్లు వంకరపోతాయి. కొడవలి పట్టలేని చేతికి కూలి ఎవడిస్తాడు?

ఊళ్లో దొరికేది సూది. స్టిరాయిడ్ సూదితో మర్నాటికే నొప్పి పోతుంది, జబ్బు మాత్రం పోదు. నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బుతుంది, షుగర్ రావచ్చు, ఎముకలు గుల్లబారతాయి. చాన్నాళ్లుగా వాడేవాళ్లు ఒక్కసారే మానొద్దు, డాక్టరు చెప్పినట్టు తగ్గించాలి. ఆర్‌ఎంపీని తిట్టి లాభం లేదు. అర్ధరాత్రి తలుపు తీసేది ఆయనే. తప్పు సర్కారుది.

ఈ జబ్బు చూసేది ఎముకల డాక్టరు కాదు, రుమటాలజిస్టు. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. మెథోట్రెక్సేట్ అనే మందు పెద్ద ఖరీదు కాదు. వారానికి ఒక్క రోజే వేసుకోవాలి, రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. గర్భిణులు వాడకూడదు. మధ్యమధ్య రక్త పరీక్షలుండాలి. మొదటి నెలల్లోనే వైద్యం అందితే చాలామంది చేతులు నిలుస్తాయి. అరిగిన మోకాళ్లకైతే తొడలకు బలమిచ్చే వ్యాయామం, చేతికర్ర ఆసరా. కర్ర పట్టడం నామోషీ కాదు.

బాబాసాహెబ్ రాజ్యాంగ రచన రోజుల్లో కాళ్ల నొప్పులతో నిద్రలేని రాత్రులు గడిపారు. అయినా వైద్యం చేయించుకున్నారు, కర్మ అని కూచోలేదు.

కార్యకర్తలకు ఒక మాట. మీటింగుకు పోయిన వాడలో వేళ్లు వాచినవాళ్లెందరో అడగండి. ఆరు వారాలైనా వాపు తగ్గనివాళ్లను ముందు పెద్దాసుపత్రికి తీసుకుపొండి. చీటీలో 'కీళ్లవాతమా?' అని రాయించి పై వైద్యానికి పంపమని నిలదీయండి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో వారానికో రోజు కీళ్లవాతం డాక్టరు కూర్చోవాలి, మందూ పరీక్షా ఉచితంగా ఇవ్వాలి. ఇది దయ కాదు, మన చేతుల కష్టం తిన్న సమాజం తీర్చాల్సిన బాకీ.

జై భీమ్!