బొడ్డుతాడు రక్తం: దాచుకోవాలా, బిడ్డకు చేరనివ్వాలా?

బేగంపేట, అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల ప్రసూతి వైద్యశాలలకు వెళ్ళే గర్భిణులకు మందుల చీటీతోపాటు ఒక రంగుల కరపత్రం కూడా అందడం కద్దు. బిడ్డ బొడ్డుతాడు రక్తాన్ని శీతల భాండాగారంలో దాచితే అది జీవితాంతం రక్షణ కవచమని దాని సారాంశం. రుసుము వేలల్లో ఉన్నా, బిడ్డ క్షేమం కోరి మధ్యతరగతి దంపతులు అప్పు చేసియైనా చెల్లిస్తున్నారు. ఈ వ్యయం అవసరమా?

ఇందలి శాస్త్రాన్ని శంకించనక్కరలేదు. మామూలుగా గడ్డకట్టిస్తే మంచు స్ఫటికాలు జీవకణాలను నాశనం చేస్తాయి. గ్లిసరాల్ కలిపితే ఈ హాని తగ్గుతుందని 1949లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. నేడు రక్తంలోని మూలకణాలకు రక్షక ద్రవం కలిపి, క్రమంగా చల్లబరచి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో భద్రపరుస్తారు. 1988లో పారిస్‌లో డాక్టర్ ఎలియాన్ గ్లూక్‌మన్, ఫాంకోనీ రక్తహీనతతో బాధపడుతున్న బాలునికి ఇట్లు దాచిన రక్తాన్నే ఎక్కించి కాపాడారు.

అయితే ఆ రక్తం బాలునిది కాదు, అతని చెల్లెలిది! కీలకం ఇక్కడే ఉన్నది. తలసీమియా వంటి జన్యువ్యాధి ఉన్న బిడ్డ బొడ్డుతాడు రక్తంలోనూ అదే లోపం ఉంటుంది. విత్తనంలోని దోషం మొలకను వీడదు కదా. సొంత భవిష్యదవసరాలకై దాచుకొనుటకు శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలలో స్పష్టం చేసినది. ఇంట్లో ఇప్పటికే అట్టి వ్యాధిగల బిడ్డ ఉంటే మాత్రం, పుట్టబోయే తోబుట్టువు రక్తం గురించి నిపుణులను తప్పక సంప్రదించాలి. తోబుట్టువుల కణాలు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి.

మరొక విషయం. బొడ్డుతాడును కనీసం ఒక నిమిషం ఆగి కోయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. ఆ వ్యవధిలో మాయలోని రక్తం బిడ్డకు చేరి, తొలి మాసాలకు కావలసిన ఇనుమును సమకూరుస్తుంది. సుశ్రుత సంహితలోనూ శిశువు నోరు శుభ్రపరచి, మాడుపై నేతిలో తడిపిన దూది ఉంచిన పిమ్మటనే నాభినాళాన్ని కట్టి కోయమని చెప్పబడినది. భాండాగారం కోసం ఎక్కువ రక్తం సేకరించాలంటే త్వరగా కోయవలసి వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలలు మొదలు అయిదేళ్ళ లోపు పిల్లలలో 67 శాతం రక్తహీనులే!

కనుక కాబోయే తల్లిదండ్రులు ప్రసవానికి ముందే వైద్యురాలితో మాట్లాడి, బొడ్డుతాడు కోయడంలో తొందరపడవద్దని కోరండి. ఆ సొమ్మును తల్లి పౌష్టికాహారానికి వెచ్చించండి. బిడ్డ రక్తాన్ని దాచుటకు తొలి భాండాగారం బిడ్డ శరీరమే.