అధ్యాపకుల తగవులు - ప్రిన్సిపాలు బాధ్యత

అధ్యాపకుల మధ్య తగవులు లేని విద్యాలయం ఉన్నదని మేము నమ్మము. అవి పుట్టే కారణాలు చాలా చిన్నవి. టైంటేబులులో చివరి గంట ఎవరికి పడినది, పరీక్షల పర్యవేక్షణకు ఎవరిని ఎన్ని దినాలు వేసినారు, వార్షికోత్సవంలో ఎవరి పేరు ముందు చదివినారు - ఇంతే. ఉర్దూ, తెలుగు శాఖలు ఒకే కప్పు క్రింద నడిచే మనవంటి చోట్ల మరొక చిక్కు ఉన్నది. ఇద్దరు వ్యక్తుల మాటపట్టింపు రెండు భాషల వైరంగా ప్రచారమవుతుంది. నిజానికి భాషకు దానితో సంబంధమే ఉండదు.

ఇట్టి వేళ మౌనం వహించే ప్రిన్సిపాళ్లే ఎక్కువ. నాలుగు దినాలు పోతే వారే సర్దుకుంటారని ధీమా. మన పుత్తూరు వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడ కట్టు కట్టేవారు ముందు వ్రేళ్లతో తడిమి విరుపు ఎక్కడున్నదో చూచి, ఎముకను సరిచేసిన తరువాతనే ఆకుపసరు, కోడిగ్రుడ్డు సొన, వెదురుబద్దల జోలికి పోతారు. ఊరక వదలినా ఎముక అతుకుతుంది, కాని వంకరగా అతుకుతుంది.

స్టాఫ్ మీటింగులో ఇద్దరినీ నిలబెట్టి మందలించుట అంతకంటె చెడ్డది. పదుగురి ఎదుట మాటపడిన అధ్యాపకుడు అదే ముఖంతో తరగతికి పోతాడు. సాయంత్రానికి విద్యార్థులలోనూ రెండు పక్షాలు! ఒకే దినం ఇద్దరినీ వేర్వేరుగా పిలిచి వినుట, పిమ్మట ఎదురెదురుగా కూర్చుండబెట్టి, తగవుకు మూలమైన ఆ ఒక్క విషయంపైననే నిర్ణయం చెప్పి వ్రాసి ఉంచుట ఉచితమని మా అభిప్రాయం. పాత కక్షలు త్రవ్వరాదు.

మైనారిటీ సంస్థలకు ఈ భారం మరింత హెచ్చు. యాజమాన్యానికీ సిబ్బందికీ మధ్య వివాదాలను బయటి మధ్యవర్తులకు అప్పగించే గుజరాత్ చట్ట నిబంధన అట్టి కళాశాలలకు వర్తించదని 1974లో సెయింట్ జేవియర్స్ కళాశాల కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అధ్యాపకుని తొలగింపునకు అధికారి ముందస్తు అనుమతి కావలెనన్న 1975 నాటి ఆంధ్రప్రదేశ్ చట్ట నిబంధననూ 1980లో హైదరాబాదు ఆల్ సెయింట్స్ హైస్కూలు కేసులో అట్లే త్రోసిపుచ్చినది. శిక్షకు గురియైన ఉద్యోగికి అప్పీలుకై జిల్లాలలో విద్యా ట్రిబ్యునళ్లు ఉండవలెనని 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో అన్నది. ఉద్యోగం పోయినవానికి అది దారి. స్టాఫ్ రూములో ఇద్దరు పలుకరించుకొననప్పుడు ఏ ట్రిబ్యునలూ రాదు. పరిపాలనా హక్కు మనదైతే, వారిని కలిపే శ్రమ కూడా మనదే.

కమిటీ వారికి ఒక మనవి. ఫిర్యాదుతో నేరుగా మీ ఇండ్లకు వచ్చినవారిని ముందు ప్రిన్సిపాలుగారితో చెప్పినారా అని అడుగవలెను. ఆకాశరామన్న ఉత్తరాలను చదువకనే చించివేయవలెను. ప్రిన్సిపాలుగారే ఒక పక్షమైనప్పుడు మాత్రం విషయం కమిటీ ముందుకు రావలసినదే. అప్పుడు ఇరుపక్షాలకూ బంధుత్వం లేని ఇద్దరు సభ్యులు కూర్చుండి విచారిస్తే చాలును.